తెర మీది సభ్యుడి ఓటు

అమెరికాలో చాలా చోట్ల స్కూల్ బోర్డు సభ్యులను ప్రజలే ఎన్నుకుంటారు. బడ్జెట్ మొదలుకొని బడుల మూసివేత దాకా వారి నిర్ణయాలు బహిరంగ సమావేశంలోనే జరగాలి. మరి సభ్యుడు మరో ఊరి నుంచి వీడియోలో ఓటేస్తే ఆ హాజరు చెల్లుతుందా అన్నదానికి ఒక్కో రాష్ట్రం ఒక్కో జవాబు చెబుతుంది.

కాలిఫోర్నియాలో, స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలనే 1953 నాటి బ్రౌన్ చట్టం కింద సాధారణ పద్ధతి కఠినమైనది. సభ్యుడు ఏ చోటు నుంచి పాల్గొంటాడో ఆ చిరునామాను అజెండాలో ప్రకటించి, అజెండాను అక్కడ అంటించి, వచ్చినవారిని లోపలికి రానివ్వాలి. అది హోటల్ గది అయినా సరే! కోవిడ్ కాలంలో, 2020 మార్చిలో, గవర్నరు ఉత్తర్వు ఈ షరతులను సడలించింది. 2023 జనవరిలో అమలైన సవరణ, అంటువ్యాధి, పిల్లల సంరక్షణ వంటి కారణాలకు చిరునామా ప్రకటించకుండానే పాల్గొనే వీలు ఇస్తూనే, కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస సంఖ్యలో సభ్యులు, మాత్రం ఒకే గదిలో ఉండాలని, సభ్యుడు కెమెరాలో కనిపించాలని, తన పక్కన 18 ఏళ్లు నిండినవారు ఎవరైనా ఉంటే ఆ సంగతి చెప్పాలని నిబంధన పెట్టింది.

ఈ చివరి నిబంధన నాకు బాగా నచ్చింది, ఎందుకంటే తెర వెనుక నుంచి సలహాలు అందించేవారు ఉన్నారేమోనన్న అనుమానం ప్రజలకు సహజం. ఇల్లినాయ్‌లోనూ కోరం భౌతికంగా హాజరు కావాలి. అనారోగ్యం, ఉద్యోగ బాధ్యత, కుటుంబ అత్యవసరం వంటి కారణాలుంటేనే మిగతావారికి దూరం నుంచి అనుమతి.

జబ్బుపడిన సభ్యుడి గొంతు నొక్కడం న్యాయం కాదు. కానీ ఒక బడిని మూసేయాలని ఓటేసేటప్పుడు, ఆ పిల్లల తల్లిదండ్రులు కూర్చున్న గదిలోనే సభ్యులు ఉండాలని నేను కోరుకుంటాను.