అమ్మ వైపు ఒకటి ఎక్కువ

దసరా నవరాత్రులకు మా కర్నూలులో కొన్ని ఇళ్లలో కలశం పెట్టే పీట మీద బియ్యప్పిండితో షట్కోణం వేస్తారు. పైకి చూసే త్రికోణం శివుడు, కిందికి చూసేది శక్తి. బడి పిల్లల్ని అడిగితే దీనికి ఆరు సౌష్ఠవ రేఖలని టక్కున చెప్తారు. నిజమే, కానీ ఆరూ ఒక తీరువి కావు. ఎదురెదురు కొనలను కలిపే మూడు గీతల మీద కాగితం మడిస్తే ఎవరి త్రికోణం వాళ్ల మీదే పడుతుంది. కొనల నడుమగా పోయే తక్కిన మూడింటి మీద మడిచి చూడండి. శివుడి త్రికోణం పోయి శక్తి మీద కూర్చుంటుంది, శక్తిది శివుడి మీద. శివశక్తుల అభేదం గురించి విన్న ఉపన్యాసాలన్నిటికంటే నాకు ఈ మడతే బాగా ఎక్కింది.

అమ్మవారిని పూజించే యంత్రం శ్రీచక్రం దగ్గర ఆ మడత కుదరదు. సౌందర్యలహరి పదకొండో శ్లోకం లెక్క చెప్తుంది: శివ త్రికోణాలు నాలుగు, శక్తి త్రికోణాలు ఐదు. అడ్డంగా మడిస్తే నాలుగు మీద ఐదు ఎట్లా సరిపోతాయి? అమ్మ వైపు ఒకటి మిగులుతుంది. ఈ తొమ్మిదీ ఒకదాన్నొకటి కోసుకుని 43 చిన్న త్రికోణాలవుతాయి. ఇన్ని గీతలున్న ఆ అల్లికకు సౌష్ఠవ రేఖ ఒక్కటే, నిలువుది.

శ్రీచక్రంలోని తొమ్మిది ఆవరణలకు చేసే నవావరణ పూజను, అన్నిటికీ బయటి చతురస్రమైన భూపురం నుంచి లోపలికి చేసే వరుసలో సౌష్ఠవ రేఖలు లెక్కపెట్టుకుంటూ పోండి. నాలుగు వాకిళ్ల భూపురానికి 4. పదహారు రేకుల పద్మానికి 16, ఎనిమిది రేకులదానికి 8. నడుమ వచ్చే వృత్తాలకైతే లెక్కే లేదు. త్రికోణాల్లోకి అడుగు పెట్టగానే 1. అది దాటితే బిందువు, దాని గుండా ఏ గీత గీసినా సౌష్ఠవ రేఖే.

2022లో శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇప్పటికీ అది మా కొండే. మల్లన్న దర్శనం అయ్యాక వెనక మెట్లెక్కి భ్రమరాంబ గుడికి పోతాం. ఆ మెట్ల మీద నాకు ఐదో త్రికోణం గుర్తొస్తుంది.

పండగకు రాగిరేకు శ్రీచక్రం కొనేవాళ్లకు ఒక మాట. నిలువు మధ్యగీత మీద దారం పట్టుకుని రెండు పక్కలా చూడండి. మూడు గీతలు కలిసే మర్మ స్థానాలు ఒక పక్క చుక్కలాగా కలిసి, రెండో పక్క జారిపోయి ఉంటే, దాన్ని అక్కడే పెట్టి ఇంకోటి అడగండి.