పెసరపప్పు సూపు, చపాట రంగు

ఆదివారం. పొద్దున ఎనిమిదైనా హన్మకొండల పొగమంచు ఇడువలేదు. పిల్లలిద్దరికీ సర్ది. సాయంత్రమైతే బండి మీద స్వీట్‌కార్న్ సూపు కొనియ్యమని ఒకటే గొడవ. కప్పు నలబై రూపాయలు, ఇంట్ల అయిదుగురం. లెక్క నోటితోనే తేలింది, ఇంట్లనే చేస్తనన్న.

రైతుబజారుకు ఎండెక్కినంక పోతేనే బేరం కుదుర్తది. చలికాలంల టమాట ఎట్లాగూ అగ్గువే, మెత్తవడ్డవి కుప్పవోసి ఇంకింత అగ్గువకిస్తరు. "కూరకు పనికిరావక్కా, చూసి తీస్కో" అన్నది కూరగాయలామె. నాక్కావాల్సింది అవే. సూపుకు బాగ పండిన టమాటనే రుచి, గట్టి కాయకు పులుపు తప్ప ఏముండది. పక్కకు పారేసిన గోబిపువ్వు కాడలు కూడ అడిగి సంచిల వేసుకున్న. ఆమె నవ్వింది, ఇంట్ల బర్రె ఉన్నదనుకున్నదేమో.

బయట సూపు చిక్కగుండేది కార్న్‌ఫ్లోర్ తోని. నేను దానికి బదులు పిడికెడు పెసరపప్పు వేస్త. టమాటలు, లేత గోబి కాడలు, రెండు క్యారెట్లు, ఒక ఉల్లిగడ్డ, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, కొత్తిమీర కాడలు అన్నీ కుక్కర్ల వేసి మూడు విజిల్లు. ఆవిరి దానంతటదే దిగేదాక మూత తియ్య. ఆ వేడికే ఇంకింత ఉడుకుతది, గ్యాసు మిగులుతది. చల్లారినంకనే మిక్సీ పట్టాలె, వేడివేడిగ వేస్తే మూత ఎగిరి గోడంతా టమాట అయితది. తర్వాత జల్లెడల పోసి గంటె వీపుతోని రుద్దితే పొట్టు, గింజలు పైననే నిలుస్తయ్. జల్లెడ అడుగుకు అంటుకున్నది చాలామంది కడిగేస్తరు. చిక్కదనమంతా ఆడనే ఉంటది, గీకి గిన్నెల వేసుకోవాలె.

రంగుకు చపాట మిర్చి. మా దిక్కు టమాట మిర్చి అని కూడ అంటరు, కాయ అట్ల బొద్దుగ ఉంటది. రంగెక్కువ, కారం తక్కువ. 2025ల భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ దిక్కు పంటనే అన్న ముద్ర) వచ్చింది దీనికి. అచారుకు కొన్న ఎండుమిర్చిల నుంచి ఒక కాయ తీసి, గింజలు దులిపి, ఉడికేటప్పుడే వేసిన. పిల్లల సూపు ఎర్రగ కనిపియ్యాలె, నాలుక మాత్రం మండొద్దు. దానికి ఇంతకన్న మంచి మిర్చి నాకైతే తెల్వదు. మిర్యాలు దంచి దించేముందు వేసిన, ముందే వేస్తే ఆ ఘాటు వాసన ఉండది. అరచెంచా నెయ్యిల జీలకర్ర పోపు, అంతే. వెన్న, క్రీము జోలికి పోలే.

మొన్నటి బ్రెడ్డు గట్టిపడ్డది. ముక్కలు కోసి పెనం మీద సన్న మంటకు గోలిచ్చిన. పెద్దోడు సూపు రాకముందే సగం నమిలేసిండు.

అత్తమ్మకు కప్పుల పోసిస్తే, "తాగుడేంది బిడ్డా, జొరమొచ్చినోళ్ల లెక్క" అని అన్నంల పోసుకున్నది. రెండోసారి తనే గంటె అందుకున్నది. నేను చూడనట్టే ఉన్న.

రేపటికి ఉలువలు నానవెట్టిన. నానకపోతే గింజ తొందరగ ఉడుకది. ఉడికిన నీళ్లల్ల ఇంత చింతపండు పులుసు, ఎల్లిగడ్డ పోపు వేస్తే కట్టు, గింజలకు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపు పెడితే పిల్లలకు గుడాలు. పావుకిలోతోని రెండు పనులు. ఉలువలు వేడి చేస్తయని ఎండకాలమైతే అత్తమ్మ ఒప్పుకోదు, ఇప్పుడైతే ఆమెనే అడుగుతది. రేపు ఆయన ముందు ఇంటికొస్తడు, కుక్కర్ పెట్టే పని ఆయనకే చెప్పిన. ఫోన్ల పడితే విజిల్లు లెక్కవెట్టడు, అందుకే నీళ్లు ఒక గ్లాసు ఎక్కువనే పొయ్యిమన్న.