రుస్తాక్ దారిలో అల్ బూసైద్ వంశం

నేను మస్కట్‌లో దిగిన రోజు వీధి స్తంభాలకు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ జెండాలు కడుతున్నారు. విమానాశ్రయం నుంచి రూవీలోని అక్క ఇంటి దాకా దీపాల తోరణాలే. ఒమన్ జాతీయ దినోత్సవం నవంబరు 18 అని నాకు గుర్తు. అది 2020 దాకా ఏలిన సుల్తాన్ ఖాబూస్ పుట్టినరోజు. "2025 నుంచి మారింది, ఇప్పుడు నవంబరు 20" అన్నారు బావగారు. ఆ తేదీ ఎవరి పుట్టినరోజూ కాదు. 1744లో అహ్మద్ బిన్ సయీద్ అనే ఆయన ఇమాముగా, అంటే మతానికీ రాజ్యానికీ పెద్దగా, పగ్గాలు చేపట్టి, నేటికీ ఏలుతున్న అల్ బూసైద్ వంశానికి పునాది వేసినందుకు గుర్తు. పదిహేనేళ్లుగా అక్కడే ఉద్యోగం చేస్తున్నా ఆ అహ్మద్ సంగతి తనకు పెద్దగా తెలియదన్నారు బావగారు. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని. ఈ వారం రోజులూ ఆ వంశం వెంటే తిరగాలని కారులోనే నిర్ణయించుకున్నాను.

మర్నాడు సాయంత్రం పాత మస్కట్‌కు వెళ్లాం. నీలం, బంగారు రంగుల స్తంభాలతో అల్ ఆలం రాజభవనం. దాని రెండు పక్కలా, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నల్లటి కొండరాళ్లపై పోర్చుగీసువాళ్లు కట్టిన కోటలు జలాలీ, మీరానీ. 1507లో వచ్చి తిష్ఠ వేసిన పోర్చుగీసువారిని 1650లో ఒమనీలు తరిమేశారు. ఆ పని చేసింది బూసైదీలు కాదు, వారికి ముందున్న యారుబా వంశం. ఆ వంశం చివరికి వారసత్వ తగాదాల్లోనే చితికిపోయింది. పోటీదారుణ్ణి అణచడానికి ఆ వంశపు ఇమామ్ సైఫ్ బిన్ సుల్తాన్ ఇరాన్ ఏలిక నాదిర్ షా సైన్యాన్ని సాయం పిలిచాడు. వచ్చినవాళ్లు వెళ్లలేదు, దేశాన్నే మింగడం మొదలుపెట్టారు. అప్పుడు సొహార్ కోటను నెలల తరబడి పర్షియన్లకు లొంగకుండా కాపాడిన పాలనాధికారే మన అహ్మద్ బిన్ సయీద్.

జలాలీ కోట చాలాకాలం చెరసాలగా ఉండేది. ఆ గోడలను చూస్తూ నిలబడితే ఒక సంగతి మనసును పట్టేసింది. అంత శ్రమపడి దేశాన్ని నిలబెట్టిన అహ్మద్‌పై, ఆయన బతికుండగానే సొంత కొడుకులు సైఫ్, సుల్తాన్ తిరగబడి ఈ కోటలనే పట్టుకున్నారు. అంటే మొదటి తరంలోనే మొదలైంది. "తరువాత ఎవరు?" అనే ప్రశ్న ఈ కుటుంబాన్ని ఆ తరువాత రెండు శతాబ్దాలు వదల్లేదు.

రాజభవనానికి దగ్గర్లోనే మోతీశ్వర్ శివాలయం ఉంది. శివరాత్రికి అక్కడ మనవాళ్ల వరుస ఎంత పొడవు ఉంటుందో అక్క చెబుతూనే ఉంటుంది. రాజు గడప పక్కనే గుడి గంట మోగడం ఈ పాలకుల్లో నాకు బాగా నచ్చిన గుణం. గట్టిగా మెచ్చుకోవలసిన గుణం కూడా.

మూడో రోజు అహ్మద్ రాజధాని రుస్తాక్‌కు ప్రయాణం. బావగారికి సెలవు దొరకలేదు. ఆయనకు తెలిసిన డ్రైవరును మాట్లాడి అక్కనూ నన్నూ పంపారు. ఆయన బలూచీ మూలాలున్న ఒమనీ, యాభై దాటిన మనిషి, హిందీ చక్కగా మాట్లాడతాడు. తాతగారిది గ్వాదర్ అట. పాకిస్తాన్ తీరంలో ఉన్న గ్వాదర్ ఒమన్‌ది ఎలా అయిందని అక్క అడిగింది. అదీ వారసత్వ కథే. అహ్మద్ 1783లో చనిపోయాక అన్నతో పడక పారిపోయిన కొడుకు సుల్తాన్‌కు బలూచిస్తాన్‌లోని కలాత్ రాజ్యపు ఏలిక (ఖాన్) గ్వాదర్‌ను ఇచ్చాడు. 1792లో ఆయన మస్కట్‌కు తిరిగొచ్చి పాలకుడయ్యాడు కానీ గ్వాదర్‌ను వదల్లేదు. 1958లో పాకిస్తాన్‌కు అమ్మేదాకా అది ఒమన్ చేతిలోనే ఉంది. నేను చెబుతుంటే డ్రైవరు అద్దంలోంచి చూస్తూ తల ఊపాడు. "మా తాత అమ్మకానికి ముందే వచ్చేశాడు బెహెన్. సుల్తాన్ సైన్యంలో చేరాడు" అన్నాడు.

ఈ సుల్తాన్ బిన్ అహ్మద్ కాలంలోనే మన దక్షిణాది చరిత్ర కూడా మస్కట్ రేవును తాకింది. టిప్పు సుల్తానుకు ఇక్కడ వర్తక కోఠీ ఉండేది. 1798లో ఈస్టిండియా కంపెనీ మస్కట్‌తో ఒప్పందం చేసుకుని ఫ్రెంచివారికి చోటు లేకుండా చేసింది. మరుసటి ఏడాది ఈజిప్టు నుంచి నెపోలియన్ మస్కట్ పాలకుడికి ఉత్తరం రాస్తూ, టిప్పుకు చేర్చమని మరో ఉత్తరం జతచేశాడు. రెండూ దారిలోనే ఆంగ్లేయులకు చిక్కాయి. కొన్ని నెలల్లో శ్రీరంగపట్నం కూలింది. ఏటా తరగతిలో చెప్పే పాఠమే అయినా, మస్కట్ కొసను కళ్లతో చూశాక అది నాకు కొత్తగా అర్థమైంది.

దారిలో బర్కా వచ్చింది. పర్షియన్ దండును విందుకు పిలిచి అహ్మద్ ఇక్కడే తుదముట్టించాడని ఒమనీలు చెప్పుకుంటారు. 1806లో ఇక్కడే మరో నెత్తురు చిందింది. అంతకు రెండేళ్ల ముందు సుల్తాన్ బిన్ అహ్మద్ సముద్రంలో జరిగిన పోరులో చనిపోయాడు. పిల్లలు చిన్నవాళ్లు. పెత్తనం దాయాది బద్ర్ చేతికి పోయింది. సుల్తాన్ కొడుకు, పదిహేనేళ్ల సయీద్ ఆ బద్ర్‌ను చంపి గద్దె ఎక్కాడు. ఆ గడ్డుకాలంలో పిల్లల తరఫున రాజ్యాన్ని కాచినది అహ్మద్ కూతురు, సయీద్‌కు మేనత్త మోజా. రాత్రిళ్లు మగ దుస్తులు వేసుకుని కావలి స్థావరాలు తనిఖీ చేసేదని ఆ వంశపు ఆడపడుచు సలమా తన జ్ఞాపకాల్లో రాసింది. జాతీయ దినోత్సవ తోరణాల మీద రాజుల బొమ్మలు చాలా చూశాను. మోజా పేరు ఒక్కచోట కూడా కనబడలేదు. నాకు బాధేసింది.

ఇక్కడ చదివేవారికి ఒక మాట. ఈ వంశంలో పేర్లు తిప్పి తిప్పి అవే వస్తాయి. సయీద్ కొడుకు అహ్మద్, అహ్మద్ కొడుకు సుల్తాన్, సుల్తాన్ కొడుకు మళ్లీ సయీద్. వంశవృక్షం కాగితం మీద గీసుకోకపోతే రెండు తరాలకే దారి తప్పుతాం.

రుస్తాక్ కోట వెనుక హజర్ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి. కోటలో ఒక బురుజు పేరు గాలి బురుజు, ఇంకొకటి దయ్యాల బురుజు. అహ్మద్ రాజధాని ఇదే, సమాధి కూడా ఈ ఊళ్లోనే. పై అంతస్తు కిటికీలోంచి ఖర్జూర తోటలు చూస్తూ అక్కా నేనూ చాలాసేపు మాటల్లేకుండా కూర్చున్నాం. ఒమన్‌లో పాటించే ఇస్లాం శాఖ ఇబాదీ సంప్రదాయంలో ఇమామ్ పదవి తండ్రి నుంచి కొడుకుకు వచ్చే ఆస్తి కాదు. పెద్దలు కూడి యోగ్యుణ్ణి ఎన్నుకోవాలి. అహ్మద్ అలా వచ్చినవాడే. ఆయన తరువాత అది కుటుంబపు సొత్తయింది. అయితే కుటుంబంలో ఎవరిదో తేల్చే నియమం మాత్రం పుట్టలేదు. ఇన్ని కత్తులు దూయించింది ఆ ఖాళీయే అని నా నమ్మకం.

మస్కట్‌కు తిరిగొచ్చాక మత్రా బజారులో ఒక గుజరాతీ వ్యాపారి దుకాణంలో పెద్ద వెండి నాణెం చేతిలోకి తీసుకున్నాను. ఇరవై ఎనిమిది గ్రాముల బరువు, అరచేయి సగం నిండింది. ఒకవైపు ఆస్ట్రియా మహారాణి మరియా థెరిసా, తలపై మేలిముసుగు, భుజం మీద పతకం. వెనుక రెండు తలల గద్ద. ఎప్పుడు పోతపోసినా దీని మీద ఉండే సంవత్సరం 1780 ఒక్కటే. ఒకప్పుడు ఎర్రసముద్రం నుంచి జాంజిబార్ దాకా ఇదే చెల్లుబాటు డబ్బు. ఈ నాణేలతోనే ఒక సామ్రాజ్యాన్ని రెండుగా చీల్చారు.

1806లో గద్దెనెక్కిన సయీద్ యాభై ఏళ్లు ఏలాడు. ఆఫ్రికా తీరాన జాంజిబార్‌కు రాజధాని మార్చి, లవంగ తోటలు వేయించి, 1833లో అమెరికాతో ఒప్పందం చేసుకుని, 1840లో తన ఓడ సుల్తానాను న్యూయార్క్ దాకా పంపాడు. ఆ లవంగాల వెనుక బానిసల చాకిరీ ఉందని మరవకూడదు. 1856లో మస్కట్ నుంచి జాంజిబార్‌కు బయలుదేరినప్పుడు శవపేటికకు పలకలు కూడా ఓడలో పెట్టించుకున్నాడని కూతురు సలమా రాసింది. సీషెల్స్ దగ్గర నడిసముద్రంలో ప్రాణం పోయింది. వెంట ఉన్న కొడుకు బర్ఘాష్ తండ్రి శవాన్ని చీకట్లో దించి, రాత్రికి రాత్రే గద్దె అందుకోవాలని చూశాడు. కుదరలేదు. మరో ఇద్దరు కొడుకులు, మస్కట్‌లో తువైనీ, జాంజిబార్‌లో మాజిద్ నిలిచారు. తగవు మన వైస్రాయి లార్డ్ కానింగ్ ముందుకొచ్చింది. 1861లో ఆయన తీర్పు: రెండూ వేరు రాజ్యాలు, జాంజిబార్ ఏటా మస్కట్‌కు 40,000 మరియా థెరిసా నాణేలు చెల్లించాలి. కొన్నేళ్లకు ఆ చెల్లింపును భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వమే తలకెత్తుకుంది. అంటే మన ఖజానా సొమ్ము! ఆ నాణెం కొనకుండా రాలేకపోయాను.

ఆ తరువాతి కథను బండిలో డ్రైవరుకు వేగంగానే చెప్పాను. తువైనీని 1866లో సొహార్‌లో కన్నకొడుకే చంపాడు. 1932లో గద్దె దిగిన సుల్తాన్ తైమూర్ బొంబాయిలో కన్నుమూశాడు. ఆయన కొడుకు సయీద్ మన అజ్మీర్‌లోని మేయో కాలేజీలో చదివినవాడు. చదువుకున్నవాడై ఉండీ దేశానికి చదువు అందనివ్వలేదు. 1970 నాటికి ఒమన్ మొత్తం మీద మూడే బడులు. చీకటి పడ్డాక మస్కట్ కోట తలుపులు మూసేసేవారు, ఆపైన బయట తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాలి. ఆ ఏడాది జులై 23న సలాలా రాజభవనంలో కొడుకు ఖాబూస్ తండ్రిని దించేశాడు. తండ్రి లండన్‌లో ప్రవాసిగా పోయాడు.

ఖాబూస్‌కు పిల్లలు లేరు. తన తరువాత కుటుంబం మూడు రోజుల్లో ఒకరిని ఎంచుకోవాలని, కుదరకపోతే తాను రాసిపెట్టిన ఉత్తరం తెరవాలని 1996లోనే శాసనం రాయించాడు. ఇక్కడ డ్రైవరు బండి వేగం తగ్గించి తానే అందుకున్నాడు. 2020 జనవరి 10 రాత్రి సుల్తాన్ పోయాడన్న కబురు రాగానే వాళ్లమ్మ కొట్టుకు పంపి రెండు బస్తాల బియ్యం, పిండి, నూనె తెప్పించిందట. ఆవిడకు గ్వాదర్ తెలుసు, 1970 తెలుసు. వారాల తరబడి తలుపులు బిగించుకోవలసి వస్తుందనుకుంది. తెల్లవారి అందరూ టీవీ ముందు కూర్చున్నారు. కుటుంబం బేరసారాలేమీ చేయకుండా ఉత్తరం తెరవమంది. కవరు కత్తిరించారు, పేరు చదివారు, దాయాది హైసమ్ ప్రమాణం చేశాడు. ఆయనే మరుసటి ఏడాది, ఇకపై పెద్దకొడుకుకే గద్దె అని చట్టం మార్చాడు.

"మరి ఆ బియ్యం?" అని అడిగింది అక్క.

"మూడు రోజులు మా వీధంతటికీ మా అమ్మే వండి పెట్టింది" అన్నాడు.