గ్యాసూ కాదు, అపెండిక్సూ కాదు

పొత్తికడుపులో నొప్పి అంటే మా ఊరి డాక్టరు గ్యాస్ అన్నారు. మా కోనసీమలో పొట్ట పట్టుకుంటే చాలు, ముందు గ్యాసే. ఇంజెక్షన్‌తో రాత్రి గడిచింది గానీ తెల్లారేసరికి చలిజ్వరం. అత్తయ్యా నేనూ కారు మాట్లాడుకుని కాకినాడ బయల్దేరాం. యానాం వారధి దాటేదాకా ప్రతి స్పీడ్ బ్రేకరుకీ ప్రాణం పోయి వచ్చింది. క్యాజువాలిటీలో డాక్టరమ్మ అదే అడిగింది, కుదుపుకి నొప్పి ఎక్కువైందా అని. అలా అయితే కడుపు లోపలి పొర దాకా వాపు వచ్చిందేమోనని అనుమానిస్తారట.

ముందు యూరిన్‌తో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేశారు. "మొన్ననే బయట చేరిందండి" అంది అత్తయ్య. "అయినా చూడాలమ్మా, గర్భం ట్యూబులో నిలిస్తే ప్రాణం మీదికొస్తుంది" అన్నారు. అది నెగెటివ్. నొప్పి కుడివైపు ఎక్కువ గనక తర్వాత అపెండిక్స్ మీద పడ్డారు. రక్తంలో తెల్లకణాలు పెరిగాయి, స్కాన్‌లో మాత్రం అంతా మామూలే. అత్తయ్య అప్పుడే మొక్కులు మొదలెట్టేసింది.

డాక్టరమ్మ ఆవిణ్ణి బయట కూర్చోమంది. అసలు వైద్యం అక్కడే మొదలైందంటాను. తెల్లబట్ట అవుతోందా, వాసన ఉందా, కలిసినప్పుడు నొప్పా, కాపర్-టీ ఉందా, మీవారు ఎక్కడుంటారు? అత్తగారి ఎదురుగా వీటిల్లో ఒక్కదానికైనా నోరు విప్పుతానా! తర్వాత నర్సును పక్కన ఉంచుకుని, గ్లవ్స్ వేసుకుని, గర్భసంచి ముఖద్వారాన్ని మెల్లగా ఇటూ అటూ కదిపింది. మంచం అంచు పట్టుకుని కేకేశాను. "పీఐడీ అయ్యుంటుంది. గర్భసంచికీ ట్యూబులకీ ఇన్ఫెక్షన్. మొదట్లో స్కాన్‌లో కనపడకపోవచ్చు" అంది.

లోపలి స్రావాన్ని స్వాబ్‌తో, అంటే దూది పుల్లతో తీసి టెస్టుకి పంపారు గానీ, ఆ రిపోర్టు కోసం ఆగలేదు. ఆలస్యమైతే ట్యూబులు పూడుకుపోయి పిల్లలు పుట్టడం కష్టమవుతుందట. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసి, 14 రోజులకి డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ మాత్రలు రాశారు. మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే అడ్మిట్ కావాలన్నారు. జ్వరం ఆలోపే దిగింది.

కువైట్ నుంచి సెలవుకొచ్చిన మావారికి కూడా మందులు రాసి, ఇద్దరి కోర్సూ అయ్యేదాకా దూరంగా ఉండమన్నారు. "నాకేం నొప్పి లేదుగా" అని ఈయన సణుగుడు. ఇది ఎప్పుడూ ఒకరి నుంచి ఒకరికి అంటిందే కానక్కర్లేదనీ, ఆయనలో కూడా ఉంటే మాత్రం మళ్లీ నాకే తిరిగొస్తుందనీ డాక్టరమ్మ ఫోన్లో చెప్పాక మాట్లాడకుండా వేసుకున్నారు.