రొయ్యని ఇంగ్లీషులో ఏమనాలి?

మా అక్క కొడుకు ఈమధ్యే ఒక రొయ్యల ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో చేరాడు. రెండో వారంలో ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు పడేసి, అన్నం కూడా వద్దని కూర్చున్నాడు. ఏందిరా అంటే, మీటింగ్‌లో 'ప్రాన్స్' అన్నాడంట, పైఆఫీసరు అందరి ముందూ "ప్రాన్స్ ఏంటయ్యా, ష్రింప్ అనాలి, ముందు ఇంగ్లీషు నేర్చుకో" అన్నాడంట. వాడు ఇందుకూరుపేట పక్కన రొయ్యల గుంటల గట్ల మీద పెరిగినోడు. మేత పెట్టి గుంటలోకి దించే చెక్‌ట్రేలో ఎంత మిగిలిందో చూసి గుంటలో ఏదో తేడాగా ఉందని పసిగట్టేస్తాడు. అట్లాంటి పిల్లోణ్ణి ఒక్క మాటతో చిన్నబుచ్చారని నాకు చాలా కోపమొచ్చింది, అందులోనూ వాడన్న మాటలో తప్పేమీ లేదు.

ప్రాన్ అని బ్రిటన్‌లో అంటారు, ఆస్ట్రేలియాలో అంటారు, మనమూ అంటాం. ష్రింప్ అనేది అమెరికా వాడుక. బ్రిటన్‌లో ష్రింప్ అంటే చాలామందికి గుర్తొచ్చేది మోర్‌కాంబ్ బే దగ్గర దొరికే పిత్తపరిగెల్లాంటి గోధుమరంగు చిన్న రొయ్యలే. 1984లో ఆస్ట్రేలియా టూరిజం వాళ్లు అమెరికా టీవీల కోసం ఒక ప్రకటన తీసినప్పుడు, ఇంట్లో తాము ప్రాన్ అనేదాన్నే అందులో ష్రింప్ అన్నారు, చూసేది అమెరికా వాళ్లు కాబట్టి. అంతేగానీ ఒకటి మంచి ఇంగ్లీషు, ఇంకోటి నాటు ఇంగ్లీషు అని ఏమీ లేదు.

స్కాంపి సంగతి ఇంకా చిక్కు. నెల్లూరు జిల్లాలో ఒకప్పుడు ఊరూరా స్కాంపి వేశారు కదా, మనకి ఆ మాట వింటే మంచినీళ్లలో పెరిగే నీలకంఠ రొయ్యే. బ్రిటన్‌లో స్కాంపి అంటే అసలు వేరే జీవి, సముద్రంలో దొరికే సన్నటి లాబ్‌స్టర్ లాంటిది, దాని తోకమాంసాన్ని రొట్టెపొడిలో దొర్లించి వేయించి పెడతారు. అమెరికా హోటల్లో స్కాంపి అని చెప్తే వెల్లుల్లి, వెన్న వేసి చేసిన రొయ్యల వంటకం వస్తుంది. మూడుచోట్లా ఇంగ్లీషే.

మాటతో పోయేదైతే సర్దుకుంటాం, లెక్క మారితేనే కష్టం. మన గుంట దగ్గర 40 కౌంట్ అంటే కిలోకి 40 రొయ్యలు, ఒక్కోటి 25 గ్రాములు. అమెరికాకి పోయే పెట్టె మీద 31/40 అని ఉంటే అది పౌనుకి 31 నుంచి 40. పౌను అంటే 454 గ్రాములే, కాబట్టి 40 తూగేచోట ఒక్కోటి 11 గ్రాములు. పైగా మనం తూచేది తలతో, హెడ్‌లెస్ సరుకైతే వాళ్ల లెక్క తల తీసినాక, తలతో దాదాపు మూడోవంతు బరువు పోతుంది. అంటే వాళ్ల 40, మన గట్టు మీద 60 కౌంట్‌కి దగ్గర. నేనూ ఈ ఎక్స్‌పోర్ట్ పనిలోనే ఉన్నాను, చేరిన కొత్తలో ఇది తెలియక, వాళ్లు అడిగింది 40 కదా అని ఒక రైతుకి ఫోన్ చేసి ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పబోయాను. పక్క సీటులో పెద్దాయన ఫోన్ తీసుకుని ఆపాడు. ఆ రైతు ఆగుంటే రోజూ మేత ఖర్చు, ఈలోపు వైట్‌స్పాట్ జబ్బు తగిలితే గుంట మొత్తం ఊడ్చుకుపోయేది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇంట్లో మాటలూ ఇంతే. అక్క పోయినేడు న్యూజెర్సీలో కూతురి దగ్గరికి పోయింది. కారెక్కగానే కూతురు "గ్యాస్ కొట్టించుకుని పోదాం మా" అంటే, ఈమె "సిలిండర్ అయిపోయిందా, పొద్దున కూడా బాగానే మండిందే" అని కంగారుపడిందంట. అక్కడ పెట్రోలే గ్యాస్. మన పెట్రోల్ బంకు ఉత్తరాదికి పోతే పెట్రోల్ పంపు, ఆస్ట్రేలియాలో సర్వో. న్యూజెర్సీ షాపులో అక్క కూరగాయలకి కవర్ అడిగితే అక్కడి పిల్లోడు ఫోన్ కవర్ల వైపు చెయ్యి చూపించాడంట. కూల్‌డ్రింక్‌కి అమెరికాలోనే ఒక పేరు లేదు, న్యూయార్క్ వైపు సోడా, షికాగో వైపు పాప్, దక్షిణాదిలో ఏది తాగినా కోక్ అనేవాళ్లున్నారు. మనం అనే కూల్‌డ్రింక్ దక్షిణాఫ్రికాలో కూడా అంటారని తెలిసినప్పుడు ఎంత సంతోషం వేసిందో.

స్టెప్నీ అని మన లారీ డ్రైవర్లు అంటే, అదేదో మనోళ్లు పుట్టించిన మాట అనుకుంటారు చదువుకున్నోళ్లు. అది వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో ఒక వీధి పేరు. కార్లకి స్పేర్ చక్రమే లేని రోజుల్లో, 1904 ప్రాంతంలో, ఆ వీధిలోని డేవీస్ అన్నదమ్ములు దాన్ని తయారుచేసి ఆ పేరుతో అమ్మారు. అక్కడివాళ్లు ఇప్పుడు స్పేర్ వీల్ అంటున్నారు, ఆ వీధి పేరు మాత్రం కావలి బైపాస్‌లో పంక్చర్ షాపు బోర్డు మీద ఇంకా ఉంది.

ఇదంతా చెప్పాక పిల్లోడు కొంచెం తేరుకున్నాడు. అక్క పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. తింటూ తింటూ, "రేపు బోస్టన్ వాళ్లకి మెయిల్ పెట్టాలి, ఏం రాయను మామా?" అన్నాడు. ష్రింప్ అనే రాయి, వాళ్లకి అర్థమయ్యేది అది, కానీ కౌంట్ పక్కన 'పర్ పౌండ్, హెడ్‌లెస్' అని తప్పకుండా పెట్టు అన్నాను. ఎడమచేత్తో ఫోన్ తీసి అప్పుడే రాసుకున్నాడు.