అటక మీద బూట్లు

లైటు తీసేసి పడుకున్నాను కూడా. నిద్ర రాలేదు. బూట్ల సంగతి ఇక్కడ రాస్తే గానీ మనసు కుదుటపడేలా లేదు.

మరిది మే రెండో వారంలో దిగుతున్నాడు, స్కాట్లాండులో వెస్ట్ హైలాండ్ వే అనే పొడవాటి కాలిబాట నడుస్తానని. తోడు వెళ్ళేది నేనే. అందుకని మధ్యాహ్నం అటకెక్కి నా బూట్లు దించాను. ఆరేళ్ళ క్రితం అదే దారి నడిచొచ్చాక బురదంతా కడిగి, నీడన ఆరబెట్టి, తోలుకి మైనం పట్టించి, లోపల కాగితాలు కుక్కి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచినవి. పైకి చూస్తే నిన్న కొన్నట్టున్నాయి. ఒకసారి కాలికి అలవాటు చేద్దామని కాలవ గట్టు మీదికి బయల్దేరాను. అర కిలోమీటరు కూడా నడవలేదు, ఎడమ మడమ కింద ఏదో మెత్తగా జారింది. వంగి చూస్తే అడుగు అట్ట సగం ఊడి వేలాడుతోంది. తోలుకీ అడుగు రబ్బరుకీ మధ్య ఉండే బూడిదరంగు పొర పాత మైసూర్‌పాక్‌లా ముక్కలై రాలింది. ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపాను. పొడి. చేతికి కాస్త జిగురు కూడా అంటింది. ఇంటికి చేరేలోపు కుడిదీ అంతే అయింది.

వాడి అరగదీసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. అంత శ్రద్ధగా దాచినందుకే కోపం. ఆ కవరూ, ఆ అటకే వాటిని తినేశాయి.

ఆ మధ్య పొర పాలీయురిథేన్ నురుగు. గాలిలోని తేమ దాని అణువుల గొలుసుల్ని ఒక్కొక్కటిగా తెంచుకుంటూ పోతుంది. హైడ్రాలిసిస్ అంటారు. బూటు వాడినా వాడకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది. నడిచేటప్పుడు నురుగు అణిగి లేచి, అణిగి లేచి, లోపలి చెమ్మని కొంత బయటికి తోస్తుంది. వాడకుండా మూసిపెట్టిన జత తొందరగా పాడయ్యేది అందుకే. మా అటక వేసవిలో వేడి, చలికాలంలో చెమ్మ. దానికి ఆ రెండే కావాలి. పైగా నేను కవర్లో చుట్టాను, లోపలి తేమ లోపలే ఉండేట్టు. గాలి ఆడే చోట, ఇంట్లో గూట్లో పెట్టి, నెలకి రెండుసార్లు కూరగాయలకి తొడుక్కెళ్ళినా ఇంకొన్నాళ్ళు బతికేవి.

మీ ఇళ్ళల్లోనూ పాత జతలు ఉండి ఉంటాయి. దూరప్రయాణానికి ముందు ఒక్కసారి చూసుకోండి. మధ్య పొర పక్కల బొటనవేలి గోటితో గట్టిగా నొక్కాలి. మళ్ళీ పైకి లేస్తే మంచిదే. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయినా, సన్నటి బీటలు కనిపించినా, వేలికి జిగురు తగిలినా దాని ఆయువు అయిపోయినట్టే. బూటు ముందుభాగం పట్టుకుని బాగా వంచి, అట్ట అంచు తోలు నుంచి విడిపోతోందేమో చూడాలి. చూశాక కొండ ఎక్కే బరువుతో కనీసం పది కిలోమీటర్లు నడవాలి, అదీ బయల్దేరడానికి మూడు వారాల ముందు. కొన్ని బూట్లలో ఆ పొర ఈవీఏ అనే వేరే నురుగు. అది ఇలా పొడి కాదు, కానీ ఏళ్ళ తరబడి అణిగిపోయి గట్టిబడుతుంది, మోకాళ్ళకి తెలుస్తుంది.

ఇదే ఆ దారిలో రానాక్ మూర్ అనే బయలు మధ్యలో జరిగి ఉంటే? సాయంత్రం నుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది. గట్టి గుడ్డ టేపు చేతికర్ర పిడి కింద రెండు మీటర్లు చుట్టుకుని ఉంచుకోవడం నాకు అలవాటే. కానీ ఆ రాళ్ళ మీద ఉత్త టేపు గంటా రెండు గంటల్లో తెగుతుంది. దాని మీద సన్నతాడు కట్టాలి. తాడు మడమకీ వేళ్ళ కుదురుకీ మధ్య, పాదం వంపు కింద, నేలకి ఆనని చోట నుంచి రావాలి. ముందుభాగానికి ఇంకో చుట్టు కడితే అది అరుగుతుంది, గంటకోసారి మార్చుకోవాలి. అట్ట పూర్తిగా ఊడితే, అది జేబులో పెట్టుకుని మిగిలిన పలుచటి అడుగుతోనే మెల్లగా నడవడం మేలు. సగం వేలాడే అట్ట తట్టుకుని పడితే చీలమండ పోతుంది.

సాయంత్రం దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రాడు నా మాట సగం వినకుండానే నీళ్ళు దూరని పొర ఉన్న పొడుగు బూట్లు తప్ప స్కాట్లాండుకి ఇంకేవీ పనికిరావని తేల్చేశాడు. నేనూ తలూపాను. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ నేను చెప్పిందీ అదే. మీలో ఇద్దరు నా మాట మీదే కొన్నారని గుర్తు.

జత తొడుక్కుని, అక్కడ పెట్టిన వాలు బల్ల మీద దిగుతుంటే బొటనవేలు ముందుకు తగిలింది. ఆ తగలడంతో రానాక్ మూర్ రోజు మొత్తం కళ్ళ ముందుకొచ్చింది.

ఇన్వరోరన్ నుంచి కింగ్స్‌హౌస్‌కి 16 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే ఆ దారి అంతటిలో తేలికైన రోజు. బురద లేదు, పెద్ద ఎక్కుడు లేదు. టెల్ఫర్డ్ కాలం నాటి పాత రోడ్డు, గుండ్రాళ్ళు పరిచింది. నీడకి ఒక్క కప్పు లేదు, ఆనుకోవడానికి గోడ లేదు. ఆ రోజు వాన పైనుంచి కాదు, పడమటి నుంచి అడ్డంగా కొట్టింది. బూట్లోకి నీరు తోలులోంచి రాలేదు. ప్యాంటు తడిసి, ఆ నీరు పిక్క మీదుగా జారి, మేజోడు పట్టుకుని లోపలికి దిగింది. గంటలో రెండు బూట్లూ చెంబుల్లా నిండాయి. నీళ్ళు బయటి నుంచి రాకుండా కాసే ఆ పొరే ఇప్పుడు లోపలి నీళ్ళని బయటికి పోనివ్వదు. బయటి తోలు నానిపోయాక ఆవిరి కూడా పోదు. అడుగు వేసినప్పుడల్లా మడమ నీళ్ళలో పైకీ కిందికీ జారుతోంది.

బా బ్రిడ్జి దగ్గర మడమ వెనక వేడి తెలిసింది. అదే ఆగాల్సిన క్షణం. బొబ్బ అంటే చర్మం పైపైన రాసుకోవడమే అనుకుంటాం. నిజానికి లోపలి ఎముక కదిలినంతగా పై చర్మం కదలకుండా మేజోడుకి పట్టుకుపోతే, మధ్య పొరలు సాగి చిరుగుతాయి. ఆ చిరుగులో నీరు చేరుతుంది. నానిన చర్మం ఇంకా సులువుగా చిరుగుతుంది. వేడి తెలిసిన అయిదు నిమిషాల్లో ఆగి, తుడిచి, జింక్ ఆక్సైడ్ టేపు ముడతల్లేకుండా అంటించి, మేజోడు మార్చి, లేసు పై రెండు కొక్కేల దగ్గర మెలి తిప్పి బిగిస్తే సరిపోయేది. ఆ గాలిలో కూర్చోవడానికి భయపడి ఆగలేదు. కింగ్స్‌హౌస్‌లో విప్పితే మడమకి పాత రూపాయి బిళ్ళంత బొబ్బ, అరికాలు తెల్లగా ఉడికిన బియ్యప్పిండిలా ముడతలు.

రాత్రి ఆ బూట్లలో వార్తాపత్రికలు కుక్కి రెండు గంటలకోసారి మార్చాను. హీటరుకి ఆనించకూడదు, జిగురు వదులుతుంది, తోలు పగులుతుంది. పొద్దున్నకి లోపల ఇంకా చెమ్మే. ఆ రోజు ఎక్కాల్సిన కొండదారి డెవిల్స్ స్టెయిర్‌కేస్ 548 మీటర్లు, దారి మొత్తంలో అదే ఎత్తైన చోటు. ఎక్కడం బానే ఉంది. అక్కణ్ణుంచి కిన్‌లోక్‌లెవెన్‌కి సముద్రమట్టం దాకా దిగుడు. తడి బూట్లో పాదం ముందుకు జారి జారి, బొటనవేలి గోరు నల్లబడింది. తర్వాత ఊడింది. ఫోర్ట్ విలియమ్‌లో ఆ దారి ముగిసే చోట బల్ల మీద కూర్చుని పాదం ఒత్తుకునే మనిషి కంచు విగ్రహం ఉంటుంది. అతని పక్కన కూర్చున్నప్పుడు అతను నాకు ఎప్పటినుంచో తెలిసినవాడిలా అనిపించాడు.

ఆ నడక మధ్యలో ఒక పది నిమిషాలు మబ్బు విడి, ఎదురుగా బుహైల్ ఎటివ్ మోర్ కొండ నల్లగా నిలబడి కనిపించింది. అంత అందం మళ్ళీ చూడలేదు.

ఇదంతా తలచుకుంటూ దుకాణంలో నిలబడి ఉండగానే అత్తయ్య వీడియో కాల్. విషయం చెప్పాను. ఆవిడకి బూటు మీద నమ్మకం లేదు, మీకు తెలుసు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉత్త కాళ్ళతో ఎన్నిసార్లు ఎక్కారో లెక్కలేదు, మోకాళ్ళ పర్వతం దగ్గర వాన పట్టుకున్నా ఆగని మనిషి. "అమ్మాయ్, వానలో నడిచేటప్పుడు కాలు తడవకుండా ఎట్టా ఉంటది? తడిసిందాన్ని ఆరనియ్యాల గానీ" అన్నారు.

నేను వెంటనే వాదించాను. అలిపిరి మెట్లకీ ఇక్కడి రాళ్ళకీ పోలికేమిటి, చలి ఎంత, రోజులెన్ని అని. ఫోన్ పెట్టేశాక ఆ మాటే పట్టుకుంది. రానాక్ మూర్‌లో ఆ రోజు మాతో నడిచిన పెద్దావిడ గుర్తొచ్చింది. అరవై దాటి ఉంటాయి. వల గుడ్డతో చేసిన పొట్టి బూట్లు, పరుగెత్తేవాళ్ళు వేసుకునేలాంటివి. మొదటి గుంటలోనే తడిసిపోయాయి, ఆవిడ పట్టించుకోలేదు. ప్రతి అడుగుకీ నీరు పక్కల నుంచి చిమ్మి పోయేది. కింగ్స్‌హౌస్ చేరాక ఉన్ని మేజోళ్ళు పిండి, పొడివి తొడుక్కుని టీ తాగింది. పొద్దున్నకి ఆ బూట్లు దాదాపు ఆరాయి. ఆవిడకి ఒక్క బొబ్బ లేదు. అప్పుడు అదృష్టం అనుకున్నాను. ఆరేళ్ళు అదృష్టమనే అనుకున్నాను. కాదు, ఆవిడది లెక్క.

బరువు కూడా చూడండి. పొడుగు తోలు బూట్ల జత దగ్గర దగ్గర కిలోన్నర, వలబూట్ల జత ఏడొందల గ్రాములు. రోజుకి ముప్పై వేల అడుగులు, అడుగడుక్కీ ఆ తేడా ఎత్తాలి.

కాబట్టి అందరికీ ఇచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను, కొంతవరకు. మే నుంచి సెప్టెంబరు దాకా, కట్టిన దారి మీద నడిచేవాళ్ళకి తొందరగా ఆరిపోయే వలబూట్లు మేలు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బినప్పుడు, నడకకి వేసుకునే మేజోళ్ళతోనే కొలిచి, ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండేట్టు కొనాలి. ఉన్ని మేజోళ్ళు మూడు జతలు. ఒకటి కాలికి, ఒకటి మార్చడానికి, మూడోది ప్లాస్టిక్ కవర్లో, పడుకోవడానికి మాత్రమే, ఎంత తడిసినా పగలు దాన్ని ముట్టుకోకూడదు. రాత్రి పాదాలు పూర్తిగా ఆరాకే పెట్రోలియం జెల్లీ. గోళ్ళు బయల్దేరే రోజున కాదు, మూడు నాలుగు రోజుల ముందే తీసుకోవాలి.

కొంతవరకు అని ఎందుకన్నానంటే బెన్ నెవిస్ కొండ. మరిదికి చివర్లో అదీ ఎక్కాలనుంది. 1,345 మీటర్లు. మేలో పైన మంచు ఇంకా పరుచుకునే ఉంటుంది, దాని మీద వలబూట్లు జారతాయి, వేళ్ళు మొద్దుబారతాయి. మబ్బు కమ్మితే శిఖరం మీద దారి కనిపించదు, రెండు పక్కలా లోయలు. శిఖరం మీది సర్వే స్తంభం నుంచి మ్యాపు గ్రిడ్ ప్రకారం 231 డిగ్రీలకు 150 మీటర్లు, అక్కడ తిరిగి 282 డిగ్రీలకు దిగాలి. దిక్సూచి చూసి అడుగులు లెక్కపెట్టడం రానివాళ్ళు మబ్బు రోజు ఎక్కకూడదు. వాడికి రాదు. ఈ మాట నేను చెబితే చిన్నబుచ్చుకుంటాడు, వాళ్ళన్నయ్య చేత చెప్పిస్తాను.

రాత్రి మెసేజ్ పెట్టాడు, "వదినా, అయిదు రోజుల్లో లాగించేద్దామా" అని. మొత్తం 154 కిలోమీటర్లు, అంటే రోజుకి 31. గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎత్తుకి ఇంకో పది నిమిషాలు అని నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క కాగితం మీద వేసుకుని ఉంటాడు. లోక్ లోమండ్ సరస్సు ఒడ్డున, ఇన్వర్‌స్నెయిడ్ దాటాక ఆ లెక్క చెల్లదు. అక్కడ ఎక్కుడు పెద్దగా లేదు, కానీ చెట్ల వేళ్ళూ బండలూ చేతులు వేసి దాటాలి, గంటకి రెండున్నర నడిస్తే గొప్ప. రోవార్డెనన్ నుంచి ఇన్వరార్నన్ 22 కిలోమీటర్లకి తొమ్మిది గంటలు పెట్టుకోవాలి.

తిరిగి రాశాను. ఎనిమిది రోజులు. డ్రిమెన్ 19, రోవార్డెనన్ 23, ఇన్వరార్నన్ 22, టైన్‌డ్రమ్ 20, ఇన్వరోరన్ 15, కింగ్స్‌హౌస్ 16, కిన్‌లోక్‌లెవెన్ 14, ఫోర్ట్ విలియమ్ 25. పెద్ద సంచీ వ్యానువాళ్ళకి ఇచ్చేయి, తర్వాతి బసకి చేరుస్తారు, వీపు మీద అయిదు కిలోలు మించొద్దు. ఇంకో మూడు రోజులు సెలవు అడుగు. నడక మొదలుపెట్టడానికి రైలు దిగాల్సిన ఊరి పేరు Milngavie, రాసినట్టు పలకొద్దు, మల్‌గై అనాలి.

రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

దుకాణంలో ఏదీ కొనకుండానే వచ్చేశాను. శనివారం మళ్ళీ వెళ్ళాలి, వేరేదానికి. పాత జత చెత్తడబ్బా పక్కన పెట్టాను. తోలు ఇంకా మెరుస్తోంది. పైభాగం బాగుంటే కొత్త అడుగు వేసే చెప్పులు కుట్టేవాళ్ళు ఉన్నారు గానీ, మధ్య పొర మొత్తం గీకి మళ్ళీ కట్టాలి, కొత్త జతకి దగ్గర ఖర్చు. లేసులకి మాత్రం ఏమీ కాలేదు. 180 సెంటీమీటర్లవి. విప్పి, గోరువెచ్చని నీళ్ళలో ఉతికి, వంటింటి కిటికీకి ఆరేశాను.