బేబీ ఆఫ్...

మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టేసింది. 1,450 గ్రాములు. కాలికి కట్టిన పట్టీ మీద తన పేరు లేదు, మా ఆవిడ పేరు ముందు "బేబీ ఆఫ్" అని ఉంది, అంతే.

నాలుగో రోజు పాలు అరగలేదు, పొట్ట ఉబ్బింది, ఒళ్లు చల్లబడింది. మనకు ఇన్ఫెక్షన్ అంటే జ్వరమే గుర్తొస్తుంది. నెలలు నిండని పిల్లలకు చాలాసార్లు ఇలా ఒళ్లు చల్లబడుతుందట. రక్తంలో ఏ క్రిమి ఉందో చెప్పే బ్లడ్ కల్చర్ రిపోర్ట్ కోసం రెండు రోజులు ఆగాం. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. వార్డులో అదే వరసలో ఇంకో ఇద్దరు పిల్లలకూ అదే. కొత్త అడ్మిషన్లు ఆపేసి సింకులు, సక్షన్ పైపులు అన్నిట్లోంచీ శాంపిల్స్ తీశారు. మామూలు మందులకు లొంగలేదు, మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

ఆసుపత్రి వాళ్లతో గొడవ పెట్టుకుందామనే వెళ్లాను. అద్దంలోంచి చూస్తే, రాత్రి షిఫ్టులో ఆరుగురు పిల్లలకు ఒకే సిస్టర్. శానిటైజర్ చేతులకు బాగా పట్టాలంటే ఇరవై సెకన్లు రుద్దాలి. ఆమె సగం రుద్దిందో లేదో, అవతల మానిటర్ మోగింది, పరిగెత్తింది. తిట్టాలో దండం పెట్టాలో అర్థం కాలేదు. (1847లో వియన్నాలో బాలింతలు చనిపోతుంటే చేతులు కడుక్కోండని డాక్టర్లకు చెప్పి, సెమ్మెల్వైస్ అనే డాక్టరు తిట్లే తిన్నాడు.)

పాపను మొదటిసారి ముట్టుకోవడానికి వెళ్లినప్పుడు ఆ సిస్టరే ఆపింది. "ఉంగరం తీసేయండి సార్, దాని కిందకి సబ్బు పోదు."

పాపకు ఈరోజు పదకొండో నెల వచ్చింది. ఉంగరం ఇంకా బీరువాలోనే ఉంది.